ఇన్విజిలేటరుకు ఇంటి తాళంచెవి ఎందుకు?

సెలవులకు వచ్చిన మా మనవడు రెండు చేతులతో పట్టుకొని ఆడే ఆటల సంగణకమొకటి తెచ్చాడు. ఏడంగుళాల తెర, దానికి అటూ ఇటూ మీటలు. కొన్నప్పుడు అందులో విండోస్ 11 ఉన్నదట. దానిని తొలగించి బజ్జైట్ అనే లినక్స్ వ్యవస్థను స్థాపించుకొన్నాడు. "మీట నొక్కితే నిద్రపోతుంది తాతయ్యా! మళ్ళీ నొక్కితే ఆట ఆగినచోటనే లేస్తుంది" అని మురిసిపోయాడు. మూడవనాడు స్నేహితులతో కలిసి ఆడబోతే ఒక ఆట వాణ్ణి గుమ్మంలోనే ఆపివేసింది. వాడు చేసిన నేరం లినక్స్ వాడడం. వాడి ముఖం చూచినప్పుడు కలిగిన ఆగ్రహమే ఈ టపా.

"లినక్స్‌లో ఆటలు ఆడతాయా?" అని పెదవి విరిచేవారికి ముందుగా ఒక మాట. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌పై నడిపే 'వైన్' కృషి 1993లో మొదలయింది. దాని ఆధారంగా వాల్వ్ సంస్థ 2018లో ప్రోటాన్‌ను వెలువరించింది. 2022లో స్టీమ్ డెక్‌ను ఆర్చ్ లినక్స్ పునాదిగా గల స్టీమ్ ఓఎస్‌తోనే అమ్మింది. ఇతర సంస్థల యంత్రాల కోసం ఔత్సాహికులు ఫెడోరాపై బజ్జైట్‌ను, ఆర్చ్‌పై కైమెరా ఓఎస్‌ను నిర్మించి ఉచితంగా పంచారు. బజ్జైట్‌లో నవీకరణ వికటిస్తే, యంత్రాన్ని తిరిగి తెరిచేటప్పుడు వెనుకటి ప్రతిని ఎంచుకొంటే చాలును. 2025 మే నెలలో లెనోవో తన లీజియన్ గో ఎస్‌ను స్టీమ్ ఓఎస్‌తో విపణిలో పెట్టింది. అదే ఏడు అక్టోబరులో ఆసుస్‌తో కలిసి తెచ్చిన యంత్రాలలో మైక్రోసాఫ్ట్ సైతం విండోస్ డెస్క్‌టాపును వెనుకకు నెట్టి, ఆటలనే ముందుగా చూపే తెరను పెట్టవలసివచ్చింది. పనికిరానిదానిని చూచి ఎవరైనా తమను తాము దిద్దుకొంటారా?

మరి అడ్డెక్కడ? మోసగాళ్ళను పట్టే కాపలా ప్రోగ్రాముల దగ్గర. బాటిల్‌ఐ, ఈజీ యాంటీ-చీట్ రెండూ 2021లోనే ప్రోటాన్‌కు దారి ఇచ్చాయి. తలుపు గడియ తీయవలసినవారు ఆటల నిర్మాతలే. 2024 సెప్టెంబరులో జీటీఏ ఆన్‌లైన్‌కు బాటిల్‌ఐ తగిలించినప్పుడు లినక్స్ వారికి ఆ గడియ తీయలేదు. అక్టోబరు 31న ఏపెక్స్ లెజెండ్స్ వారు, మోసగాళ్ళకు లినక్స్ ఆశ్రయమయిందని చెప్పి, అంతవరకు ఆడుతున్నవారిని కూడ బయటకు పంపారు.

వారి బాధ అబద్ధమని నేననను. లినక్స్‌లో కెర్నెల్‌నే మార్చుకొనవచ్చును గనుక కాపలావాని కన్నుగప్పడం సులభమే. అయితే విండోస్‌లో మోసగాళ్ళు అంతరించారా? నా ఉద్యోగకాలమంతా పరీక్ష హాళ్ళలో నిలబడ్డాను. చీటీ తెచ్చినవాణ్ణి లేపి పంపానే గాని, ఫలానా వీధి పిల్లలు చీటీలు తెస్తారని ఆ వీధివారందరికీ పరీక్ష తప్పించలేదు. హాలులోకి రావాలంటే ఇంటి తాళంచెవి ఇమ్మని ఎవ్వరినీ అడగలేదు. కెర్నెల్‌లో కూర్చొంటానని పట్టుబట్టే కాపలా అడిగేది ఆ తాళంచెవినే! ఆ చోట పొరపాటు జరిగితే ఏమవుతుందో 2024 జూలై 19న లోకమంతా చూచింది. కెర్నెల్‌లో పనిచేసే క్రౌడ్‌స్ట్రైక్ రక్షణ ప్రోగ్రాముకు వచ్చిన ఒక్క తప్పుడు నవీకరణతో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు కుప్పకూలాయి.

పరీక్ష హాలు నిర్మాతల సర్వరే. ఆటగాళ్ళ కదలికలను అక్కడ పరిశీలించండి. గోడ చాటున ఉన్న ప్రత్యర్థి జాడను ఆటగాని యంత్రానికి పంపనే పంపకండి. అప్పుడు చీటీకి చోటెక్కడ? ఇది ఖర్చుతో కూడినదే. కాని ఆ ఖర్చు తప్పించుకొనడానికి నిజాయితీపరుని వెలివేయడం న్యాయం కాదు.

వెళ్ళేముందు మనవడు అడిగాడు: "మళ్ళీ విండోస్ పెట్టుకోనా తాతయ్యా?"

"వస్తువు నీది, ఇష్టమూ నీదే. కాని మోసగాడినని ఒప్పుకొని మాత్రం పెట్టుకోకురా" అన్నాను.

విభేదించే మిత్రులు వ్యాఖ్యలలో నిలదీయవచ్చును. జవాబు చెప్పడం పాత అలవాటే.