డబ్బా పోయింది, రింగు పోలేదు

ఒకప్పుడు మున్సిపాలిటీ టెండరంటే ఆఫీసు వరండాల తాళమేసిన డబ్బా. దాని చుట్టూ నలుగురు పహిల్వాన్లు. షెడ్యూలు పట్టుకొచ్చిన చిన్న కాంట్రాక్టర్‌ను గేటు కాడనే ఆపేటోళ్లు. 2003లో ఉమ్మడి రాష్ట్రంల ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలైంది. ఇగ దాదాగిరి ఖతం అన్నరు.

డబ్బా పోయిన మాట నిజమే. దాదా మాత్రం పోయి టెండరు నిబంధనల్ల కూసున్నడు. ‘ఇసుంటి పనే చేసిన అనుభవం’, ‘ఇంత టర్నోవర్’ అంటడు. ఇరవై మోరీ పనులను ఒక్క ప్యాకేజీగా మూటగడితే ఊరి పిల్లగానికి అర్హత యాడికెల్లి వస్తది? నిధులు మావేనని కొట్లాడి 2014ల రాష్ట్రం తెచ్చుకున్నది ఈ మూటలు మొయ్యనీకేనా?

నిరుద్యోగ మిత్రులారా! తిట్టుకుంట కూసుంటే పని రాదు. రిజిస్ట్రేషన్, డిజిటల్ సంతకం తయారుగ పెట్టుకోండి. పోర్టల్ రోజూ చూడండి. అంతకన్న ముందు కౌన్సిల్ ఎజెండా చదవండి. పని పుట్టేది ఆడనే, టెండరు తర్వాతి ముచ్చట. లెక్క గట్టకుండ లెస్‌కు పోవద్దు. ముప్పై శాతం లెస్‌కేసి ఎల్-1 అయినోడు సిమెంటు యాడ మిగిలిస్తడో మనకు ఎరుకే. అనుమానమొస్తే 2005 సమాచార హక్కు చట్టం కింద బిడ్ల పోలిక పట్టిక అడగండి. 30 రోజులల్ల జవాబియ్యాలె.

ఉద్యోగ మిత్రులకూ ఒక మాట. సకల జనుల సమ్మెల భుజం కలిపి నడిచినం. ఇయ్యాల ప్యాకేజీ ఫైలు మీద నోట్ రాసే కలం మీదే. పని జేసిన చిన్నోని బిల్లు నెలల తరబడి ఆగేదీ మీ బల్ల మీదనే. అది ఎవరి కోసం ఆగిందో చెప్పుండ్రి.