చిక్కు ప్రశ్నకూ ఒక న్యాయం ఉండాలి

పులినీ, మేకనూ, గడ్డిమోపునూ ఏరు దాటించే చిక్కు ప్రశ్న మీరు వినే ఉంటారు. పడవలో మనిషితోపాటు ఒక్కటే పడుతుంది. మనిషి లేకుంటే పులి మేకను, మేక గడ్డిని తింటాయి. ఒకసారి దాటించిన మేకనే మళ్లీ వెనక్కి తేవాలని తట్టగానే చిక్కు వీడిపోతుంది. కావలసిన వివరాలన్నీ ప్రశ్నలోనే ఉన్నాయి గదా! అందుకే ఎంత కష్టమైనా అది న్యాయమైన ప్రశ్న.

ఇలాంటి చిక్కులతో కథ అల్లిన కంప్యూటర్ ఆటలు 1980, 1990 దశకాల్లో చాలా వచ్చాయి. తెరమీది బొమ్మలను మౌస్‌తో నొక్కుతూ, వస్తువులు పోగుచేస్తూ కథ నడపాలి. 1991లో వచ్చిన 'మంకీ ఐలాండ్ 2' వాటిలో పేరున్నది. అందులో ఒకచోట పంపు తిప్పి జలపాతాన్ని ఆపాలి. దేనితో తిప్పాలో తెలుసా? పియానో వాయించే ఒక కోతితో! ఎందుకంటే ఒక రకం పానాను అమెరికాలో 'మంకీ రెంచ్' అంటారు. ఆ మాటే వినని పిల్లలు ఎంత తెలివిగలవారైనా ఏం చేస్తారు? అన్యాయపు చిక్కులు వద్దని దాని రూపకర్త రాన్ గిల్బర్ట్ 1989లోనే వ్యాసం రాశాడు. అయినా తానే పొరబడ్డాడు.

నేనూ పొరబడ్డాను. కిందికి బయలుదేరిన లిఫ్టులో మన బరువు తగ్గినట్టు ఎందుకు అనిపిస్తుందని ఒక పరీక్షలో అడిగాను. మా మునగాల అమ్మాయి ఒకతె ఏమీ రాయలేదు. చదవలేదని మందలించాను. "నేను లిఫ్టు ఎప్పుడూ ఎక్కలేదు సార్" అన్నది. పెద్దగట్టు జాతరలో జెయింట్ వీల్ ఎక్కావా అని అడిగాను. ఆమె ముఖం వెలిగింది. "పైనుంచి దిగేటప్పుడు ఒళ్లు తేలికవుతుంది సార్. కుర్చీ కూడా మనతోపాటే వేగం పెంచుకుంటూ కిందికి పోతుంది, అందుకే మనను తక్కువగా నెడుతుంది" అన్నది. లిఫ్టుకూ జవాబు అదే! లోపం నా ప్రశ్నలో ఉన్నది.

కనుక ఏ చిక్కు ప్రశ్ననైనా ఇలా పరీక్షించండి. జవాబు తెలిశాక "అయ్యో, నాకెందుకు తట్టలేదు!" అనిపిస్తే అది మంచి ప్రశ్న. అలాంటిదాన్ని రెండు రోజులైనా మనసులో నాననివ్వండి. వెంటనే గైడో, ఫోనో తెరిస్తే ఆ ఆనందం మీకు దక్కదు. "ఇది ఎవరికి తెలుస్తుంది?" అనిపిస్తే మాత్రం మీరు మొద్దులని అనుకోకండి. లేచి నిలబడి, అర్థం కాలేదని మీ ఉపాధ్యాయుణ్ణి అడగండి. ఆ అమ్మాయి చెప్పకపోతే నా తప్పు నాకు తెలిసేది కాదు.