బాండు తీర్పులో లేని మాట

‘బాండు రాస్తే డబ్బు కట్టాల్సిందే’ అని 2025 మేలో వచ్చిన శీర్షికలు అమీర్‌పేట హాస్టళ్ల దాకా పాకాయి. విజయా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు అంత మాట అనలేదు.

అక్కడ రాజీనామా చేసింది కాలేజీ నుంచి నిన్నగాక మొన్న బయటపడ్డ కుర్రాడు కాదు, సీనియర్ మేనేజర్. 2007లో ఆ పోస్టులో చేరి, ఒప్పుకున్న మూడేళ్లు నిండకుండానే 2009లో ఐడీబీఐకి వెళ్లాడు. అభ్యంతరం చెబుతూనే బాండు ప్రకారం రెండు లక్షలు కట్టి, కోర్టుకెక్కాడు. కర్ణాటక హైకోర్టులో గెలిచి, పై కోర్టులో ఓడాడు. కారణం ఉంది. ప్రభుత్వ బ్యాంకు తనకు నచ్చినవాణ్ని పిలిచి కుర్చీ వేయలేదు. రాజ్యాంగంలోని 14, 16 అధికరణలకు కట్టుబడి, బహిరంగంగా పోటీ పెట్టే నియమించుకోవాలి. మధ్యలో ఒకరు వెళ్లిపోతే ఆ తతంగమంతా మళ్లీ మొదటికొస్తుంది. పైగా ఆ హోదాకు వచ్చే జీతంతో పోలిస్తే రెండు లక్షలు మోయలేని భారం కాదన్నది ధర్మాసనం. ఈ రెండు కారణాలనూ వదిలేసి తీర్పును చదివితే మిగిలేది శీర్షికే.

మాదాపూర్‌లోని ఓ ప్రైవేటు కంపెనీకి ఇందులో ఏది వర్తిస్తుంది? 14, 16 అధికరణల కట్టుబాటు దానికి లేదు. ఇక మిగిలేది కాంట్రాక్టు చట్టం. ఉద్యోగంలో ఉన్నంతకాలం పెట్టే షరతుకు 1872 నాటి ఆ చట్టంలో, వృత్తిని అడ్డుకునే ఒప్పందాలు చెల్లవనే 27వ సెక్షన్ అడ్డురాదని 1967లో గోలికరీ కేసులోనే సుప్రీంకోర్టు తేల్చింది. అసలు చూడాల్సింది 74వ సెక్షన్. బాండులో రాసిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి కోర్టు ఇప్పించేది సముచిత పరిహారం. ఫతేచంద్ కేసు 1963లో చెప్పిందీ ఇదే. కాబట్టి శిక్షణకు నిజంగా ఎంత ఖర్చయిందో కంపెనీ లెక్క చూపాలనడమే సబబు. సీనియర్ల పాత స్లయిడ్లు నాలుగు వారాలు చూపించి, దానికి లక్షల ఖరీదు కడితే ఆ లెక్క నిలవదు.

అయితే చేరే రోజున స్టాంపు పేపరు మీద సంతకం పెట్టే పిల్లకు, పక్కనే జామీను సంతకం పెట్టే తండ్రికి ఈ సెక్షన్లతో పనేముంది? వాళ్లను భయపెట్టేది కోర్టు కాదు, రిలీవింగ్ లెటర్. అది లేనిదే తర్వాతి కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ముందుకు కదలదు. కంపెనీ దావా వేయనక్కర్లేదు, మెయిల్‌కు జవాబివ్వకపోతే చాలు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్, రాజీనామా చేసినవారి బకాయి జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలంటోంది. ఆ 17వ సెక్షన్‌లో రిలీవింగ్ లెటర్ ఊసే లేదు. జీతానికి పెట్టిన గడువు ఆ కాగితానికీ పెట్టాలి. అప్పుడు బాండు డబ్బు కావాలనుకునే కంపెనీ, శిక్షణ బిల్లులు పట్టుకుని తానే కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది.