వంతెన కూలిన సంగతి పటానికి చెప్పేదెవరు?

ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ, బదాయూ జిల్లాల నడుమ రామగంగ నదిపై వరదకు కొంతభాగం కొట్టుకుపోయిన వంతెన మీదినుంచి 2024 నవంబరు 24న ఒక కారు కిందపడి ముగ్గురు మరణించారు. ఫోన్‌లోని పటం చూపిన దారినే వారు వెళ్ళారని పోలీసులు తెలిపారు. ప్రజాపనుల శాఖ ఇంజనీర్లతోపాటు గూగుల్ మ్యాప్స్ అధికారి ఒకరిని కూడా కేసులో చేర్చారు. దోషమెవరిదో తేల్చవలసింది న్యాయస్థానమే. అయితే కోట్లాది మంది నిత్యం నమ్ముకుంటున్న ఈ పటాలు ఎలా రూపొందుతున్నాయో, ఎక్కడ పొరబడుతున్నాయో అందరూ తెలుసుకోవలసిన అగత్యం ఏర్పడింది.

రోడ్డు ఎక్కడున్నదో ఉపగ్రహ చిత్రాలు, సర్వేలు చెబుతాయి. దానిపై వాహనాలు ఎంత వేగంగా సాగుతున్నాయో చెప్పేవి మాత్రం ప్రయాణికుల జేబుల్లోని ఫోన్లే. గూగుల్ సంస్థ 2009 నాటికే అమెరికాలో ఈ పద్ధతిని అవలంబించింది. యజమాని అనుమతించిన ఫోన్ తానున్న చోటునూ, కదులుతున్న వేగాన్నీ సంస్థకు పంపుతూ ఉంటుంది. వేలాది ఫోన్ల సమాచారాన్ని, వ్యక్తుల గుర్తులు తొలగించి, కలిపి చూస్తే రద్దీ తెలుస్తుంది. అదే రోడ్డుపై గతంలో నమోదైన వేగాలతో పోల్చి గమ్యం చేరే సమయాన్ని లెక్కగడతారు. 2020లో బెర్లిన్‌లో ఒక కళాకారుడు 99 ఫోన్లను తోపుడుబండిలో వేసుకుని మెల్లగా నడిస్తే, ఖాళీ వీధి కూడా పటంలో ఎర్రబారింది! యంత్రం చూసేది వాహనాలను కాదు, ఫోన్లను.

భారతీయ రోడ్లు ఈ సంస్థలకు కొత్త పాఠాలు నేర్పాయి. ద్విచక్ర వాహనాలకు వేరుగా దారి చూపే ఏర్పాటును గూగుల్ 2017 డిసెంబరులో ప్రవేశపెట్టింది మన దేశంలోనే. కార్లు ఇరుకు సందుల్లో చిక్కుకోకుండా, ఉపగ్రహ చిత్రాలు, భవనాల మధ్య దూరం వంటి ఆధారాలతో రోడ్డు వెడల్పును అంచనా కట్టే పద్ధతిని 2024 జూలైలో హైదరాబాద్ సహా ఎనిమిది నగరాలకు ప్రకటించింది. దేశీయ సంస్థలకు పటాల తయారీలో ముందస్తు అనుమతుల బెడద 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలతో తొలగింది. ఓలా సంస్థ 2024 జూలైలో గూగుల్ పటాలను వదలి సొంత పటాలకు మారిన కొద్దిరోజులకే, గూగుల్ భారతీయ వ్యాపార సంస్థలకు ఈ సేవల ధరలను 70 శాతం వరకు తగ్గించింది.

వినియోగదారుడికి ఉచితంగా లభిస్తున్నట్లు కనిపించే ఈ సేవకు అతడు చెల్లిస్తున్న మూల్యం తన కదలికల చిట్టాయే. స్థాన సమాచార సేకరణపై ప్రజలను తప్పుదోవ పట్టించిందన్న అభియోగంపై గూగుల్ 2022లో 40 అమెరికన్ రాష్ట్రాలకు 39 కోట్ల 15 లక్షల డాలర్లు చెల్లించేందుకు అంగీకరించింది. మన వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చినా, నిబంధనలు 2025 నవంబరులో గాని వెలువడలేదు. ప్రధాన బాధ్యతల అమలుకు వాటిలో మరో 18 నెలల గడువిచ్చారు.

ఇంత మూల్యం చెల్లించి పొందుతున్న పటానికి పల్లెసీమల్లో చూపు మందగిస్తున్నది. నగరంలో వంతెన మూస్తే వందలాది ఫోన్లు దారి మళ్ళుతాయి, యంత్రం పసిగట్టగలదు. అర్ధరాత్రి వేళ గ్రామీణ రహదారిపై ఫోన్లు లేవంటే అది మూసిన రోడ్డా, జనం నిద్రపోతున్న రోడ్డా అన్నది వాటి కదలికలను బట్టి తెలియదు. అది తొలుత తెలిసేది ఆ రోడ్డును నిర్వహించే ప్రభుత్వ శాఖకే. రోడ్డుకు అడ్డంగా గోడ కట్టి, హెచ్చరిక పలక నిలపడం ఆ శాఖకు ఎన్నడూ తప్పని విధి. మూసివేత సమాచారాన్ని అదేరోజు పటాల సంస్థలన్నిటికీ పంపడం కూడా ఇక దాని విధుల్లో చేరాలి. అందుకున్న సంస్థ ఎన్ని గంటల్లో పటాన్ని సవరించాలో కూడా ప్రభుత్వమే నిర్దేశించడం అవసరం.