ఖాళీకి రేటెంత?

పాత ఇల్లు విప్పితే అమ్ముడుపోని వస్తువంటూ ఉండదు. ద్వారబంధాలకో రేటు, దూలాలకో రేటు, స్తంభాలకో రేటు. ఇత్తడి బొడిపెలున్న వీధి తలుపైతే ఇంక చెప్పక్కర్లేదు, గోడలోంచి ఊడకముందే బేరం అయిపోతుంది. కోనసీమలో, ఇటు పాలకొల్లు, నరసాపురం వైపు ఏళ్లుగా సాగుతున్న వ్యాపారమే ఇది. అక్కడ లారీ ఎక్కిన కలప హైదరాబాద్‌లో ఏ ఫామ్‌హౌస్‌లోనో, ఏ రెస్టారెంటు గుమ్మం దగ్గరో దిగుతుంది. ఎవరో తాతగారింటి స్తంభం పక్కన నిలబడి మనం సెల్ఫీ దిగుతాం.

ఒక్కటి మాత్రం ఏ లారీలోనూ పట్టదు. ఆ స్తంభాల మధ్య ఉండే మండువా. ఎందుకంటే అక్కడేమీ లేదు. ఖాళీ. ఖాళీని విప్పి మూట కట్టలేం కదా!

ఈ వారం ఆ ఖాళీ గురించే మాట్లాడుకుందాం.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. మండువా లోగిలి అంటే నాలుగు వైపులా గదులు, గదుల ముందు వసారాలు, నడిమధ్యలో ఆకాశం కనపడే జాగా. నాలుగు వైపుల పెంకుల కప్పులూ లోపలికి వాలి ఉంటాయి. అంటే వాన ఇంటి మధ్యలోనే పడుతుంది. మండువా నేల చుట్టూ ఉన్న వసారా కంటే ఓ అడుగో, అడుగున్నరో పల్లంగా ఉంటుంది. పడ్డ నీళ్లు మూల ఉన్న తూములోంచి పెరట్లోకి పోతాయి. తెలంగాణలో భవంతి ఇల్లు, కేరళలో నాలుకెట్టు దీనికి దగ్గర చుట్టాలే. పాతకాలం రోమన్లు కూడా ఇంటి మధ్యలో కప్పు తెరిచి వాన నీళ్లు పట్టుకునేవాళ్లు. కాబట్టి ఇది మనమొక్కళ్లమే కనిపెట్టామని జబ్బలు చరుచుకోవాల్సిన పని లేదు. కానీ డెల్టాలో దీన్ని ఎంత పనిమంతంగా వాడుకున్నారో చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది.

మొదటిది నీళ్లు. "వానొస్తోంది, గంగాళాలు పెట్టండర్రా!" అని అమ్మమ్మలు కేకేసేది ఈ మండువాలోకే. సముద్రం దగ్గరి ఊళ్లలో నూతి నీళ్లు ఉప్పగా ఉంటాయి. చూరు కింద పట్టిన వాన నీళ్లలో పప్పు తొందరగా ఉడుకుతుందని వాళ్లకి తెలుసు. లెక్క కావాలా? వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే సుమారు 930 లీటర్లు. బిందె 15 లీటర్లనుకుంటే 62 బిందెలు! ఇవాళ మనం అవే నీళ్లని పైపులో దింపి రోడ్డు మీదకి తోలేసి, తాగడానికి ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కుంటున్నాం. ప్లాన్ మీద ఇంకుడు గుంత గీత ఉంటుందిలెండి. గీతలో నీళ్లు ఇంకవు.

రెండోది గాలి. రాజస్థాన్‌లాంటి పొడి చోట్ల రాత్రికి నేల చల్లబడిపోతుంది. మనది ఉక్కపోత. మే నెలలో రాజోల్లో రాత్రి పన్నెండింటికి కూడా చొక్కా ఒంటికి అతుక్కునే ఉంటుంది. ఇక్కడ చల్లదనం కంటే ముందు గాలి కదలాలి. ఎండకి మండువాలో గాలి వేడెక్కి పైకి పోతుంది. ఆ ఖాళీని నింపడానికి వీధి వైపు నుంచి, పెరటి చెట్ల నీడలోంచి గాలి లోపలికి వస్తుంది. అందుకే వీధి గుమ్మం, పెరటి గుమ్మం ఎదురెదురుగా పెట్టేవాళ్లు. పెంకుల సందుల్లోంచి కూడా వేడి బయటికి పోతుంది. చూరు బాగా కిందికి దిగి గోడకి ఎండ తగలనివ్వదు. ఫ్యాను లేదు, మోటారు లేదు. ఇల్లంతా కలిపి ఒక యంత్రం. దాని మధ్యలో ఒక ఖాళీ.

మూడోది మనుషులు. పొద్దున వడియాలు, మధ్యాహ్నం ఆవకాయకి ఆరబెట్టిన ముక్కలు, సాయంత్రం పిల్లల ఆటలు, పెళ్లొస్తే పందిరి. ఒకే చోటు పూటకో పని చేసేది. మన ఇళ్లలో 'గెస్ట్ రూమ్' అని ఏడాదికి పది రోజులు వాడే గది కడతాం చూడండి, దానికి సరిగ్గా వ్యతిరేకం.

ఇంత పెద్ద ఇళ్లకి డబ్బెక్కడిది? నీళ్లలోంచే వచ్చింది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక కాలువలొచ్చాయి, కాలువల వెనక వరి, వరి వెనక డబ్బు. టేకు దుంగలు పై అడవుల నుంచి గోదారి మీద తేలుతూ రాజమండ్రి దిగేవి. ఇంకా ఉన్నవాళ్లు బర్మా టేకు తెప్పించుకున్నారు. నది ఇచ్చిన డబ్బుతో కట్టుకున్నా నదిని మాత్రం నమ్మలేదు. ఇంటికి అరుగులు ఎత్తుగా ఎందుకున్నాయనుకున్నారు? 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పుడు ఏ మెట్టు దాకా నీళ్లొచ్చాయో లంక గ్రామాల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చూపిస్తారు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మండువా మళ్లీ ఫ్యాషన్ అయింది. కొత్తగా కట్టే ఫామ్‌హౌస్‌లు, రిసార్టులు 'మండువా స్టైల్' అంటున్నాయి. నాలుగు స్తంభాలు, మధ్యలో నాలుగడుగుల గుంట, గుంటలో తులసి కోట, చుట్టూ ఎర్ర పెంకులు. ఫొటోలో అదిరిపోతుంది. తలెత్తి చూస్తే పైన పాలీకార్బొనేట్ షీటు! దోమలొస్తాయని, కోతులొస్తాయని, వాన పడితే సోఫా తడుస్తుందని మూసేశారు. ఎండ లోపలికి వస్తుంది, వేడి గాలి బయటికి పోదు. మధ్యాహ్నం రెండింటికి ఆ తులసమ్మ ప్రెషర్ కుక్కర్లో కూచున్నట్టుంటుంది. దాన్ని చల్లబరచడానికి మళ్లీ రెండు టన్నుల ఏసీ. మా భాషలో చెప్పాలంటే యూఐ కాపీ కొట్టి బ్యాకెండ్ వదిలేశారు. బటన్ అందంగానే ఉంది, నొక్కితే ఏమీ జరగదు.

మా అమ్మమ్మగారి ఊళ్లో ఇలాంటి ఇళ్లు విప్పడంలోనూ, ఒకప్పుడు కట్టడంలోనూ చెయ్యి తిరిగిన పెద్ద మేస్త్రి ఒకాయన ఉన్నారు. హైదరాబాద్ రెస్టారెంటులో తీసిన స్తంభం ఫొటో ఆయనకి ఫోన్లో చూపించాను. కళ్లజోడు పైకెత్తి కాసేపు చూసి, "స్తంభం బానే ఉందండి బాబూ. పైన ఏం మోస్తందండి?" అన్నారు.

"ఏమీ లేదండి, అందానికి పెట్టారు."

"ఆయ్, మరెందుకండి నిలబెట్టడం? పడుకోబెట్టేస్తే కూచోడానికైనా పనికొచ్చును."

డిజైన్ గురించి ఇంతకంటే మంచి క్లాసు నేనెక్కడా వినలేదు.

అయితే ఊళ్లో ఉన్న మండువాలేమైనా బాగున్నాయా అంటే, అదీ లేదు. వాటిని ముందు పంపకాలు తినేశాయి. పొలానికి గట్టు వేసి పంచుకోవచ్చు. నలుగురు అన్నదమ్ములు ఆకాశాన్ని ఎలా పంచుకుంటారు? మండువా మధ్యలోంచి గోడ లేస్తుంది. గోడ లేచిన రోజే గాలి ఆగిపోతుంది. ఆ పైన ఒకరు తమ వాటా మీద స్లాబు వేస్తారు, ఒకరు రేకులు వేస్తారు, ఒకరు అమెరికాలో ఉండి తాళం వేస్తారు. చూరు విరిగితే బాగు చేయించే బాధ్యత ఎవరిదో కాగితంలో ఉండదు. పదేళ్లకి 'శిథిలం' అన్న మాట వస్తుంది, మాట వెనకే లారీ వస్తుంది. ఇందులో ఎవర్నీ తప్పుపట్టలేం. నలుగురు కలిసి బతకడానికి కట్టిన ఇంట్లో కలిసి బతికే నలుగురు లేకపోతే ఇల్లు మాత్రం ఏం చేస్తుంది?

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. మండువా లోగిలి అందరిదీ కాదు. ఆ ఇంటి వడ్లు పండించిన పాలేరు తాటాకింట్లో ఉండేవాడు. ఎవరు అరుగు దాకా రావచ్చు, ఎవరు వసారా దాకా రావచ్చు, ఎవరు పెరటి దారినే రావాలి అన్నది కులం చెప్పేది. వెలుతురు మగవాళ్లు కూచునే చావడిలో ఉండేది, పొగ ఆడవాళ్ల వంటింట్లో. 'ఆ రోజులే వేరు' అని నిట్టూర్చేవాళ్లు వంటింట్లో నిలబడి నిట్టూర్చరు, గమనించండి. అందుకే నాకు పాత ఇల్లు తిరిగి రావాలని లేదు. దాని లోపలున్న ఒక్క ఆలోచన తీసుకుని, మిగతా కట్టుబాట్లని లారీ ఎక్కించేస్తే చాలు.

అది కుదురుతుందా? కుదిరింది. పక్కనే ఉన్న శ్రీలంకలో జెఫ్రీ బావా అనే ఆర్కిటెక్టు 1960ల మొదట్లో కొలంబోలో ఎనా డి సిల్వా అనే ఆవిడకి ఇల్లు కట్టాడు. నగరం మధ్యలో చిన్న స్థలం. చుట్టూ గోడ కట్టి, ఇంటి నడుమ పెద్ద ముంగిలి వదిలి, గదులన్నీ దాని వైపు తిప్పాడు. అప్పటికి నగరంలో అందరూ స్థలం మధ్యలో బంగళా, చుట్టూ తోట అని కట్టుకుంటున్నారు. ఆయన తోటని లోపలికి తెచ్చాడు. చాలా ఏళ్ల తర్వాత ఆ స్థలం అమ్ముడైపోతే అక్కడివాళ్లు ఏం చేశారో తెలుసా? స్తంభాలు ఒకరికి, తలుపులు ఒకరికి అమ్మలేదు. ఇల్లు మొత్తం విప్పి, బావా సొంత తోట లూనుగంగకి తీసుకెళ్లి, మళ్లీ అదే ముంగిలి చుట్టూ నిలబెట్టారు. ఖాళీని తరలించాలంటే దాని చుట్టూ ఉన్నదంతా తరలించాల్సిందే మరి.

అంత డబ్బు మన దగ్గర లేదంటారా? మన దేశంలోనే చార్లెస్ కొరియా అదే కాలంలో గుజరాత్ హౌసింగ్ బోర్డు పోటీకి ఒక చవక ఇల్లు గీశాడు. 'ట్యూబ్ హౌస్' అన్నారు దాన్ని. వెడల్పు పన్నెండడుగులే. వాలు కప్పు వెంట వేడి గాలి పైకి పాకి, కొస దగ్గర వదిలిన సందులోంచి బయటికి పోతుంది. చెక్కడాల స్తంభం లేదు, ఇత్తడి బొడిపె లేదు. మండువా చేసే పనిలో సగం మాత్రం ఉంది.

మన లెక్కకొద్దాం. అమలాపురంలోనో, రాజమండ్రిలోనో 200 గజాల స్థలం అనుకోండి, అంటే 1800 చదరపు అడుగులు. మధ్యలో ఎనిమిది అడుగులకి ఎనిమిది అడుగులు వదిలితే 64. స్థలంలో నాలుగు శాతం కూడా కాదు! దోమలకి మెష్ వేసుకోవచ్చు, కోతులకి, దొంగలకి ఇనప గ్రిల్ వేసుకోవచ్చు. రెండిట్లోంచీ గాలి పోతుంది, వాన పడుతుంది. నేల నాలుగంగుళాలు దింపి తూము పెడితే సోఫా తడవదు. ఇంట్లో పనికొచ్చే జాగా వేస్టు అయిపోతుందని ఇంజనీరు గారు అంటారు. ఎందుకంటే మనం చదరపు అడుగులకి డబ్బులిచ్చే అలవాటులో పడ్డాం. స్లాబున్న చోటికి రేటుంది, మెట్ల కిందకీ, లిఫ్టు గుంతకీ సూపర్ బిల్టప్ అని రేటుంది. గాలికి లేదు. రేటు లేనిదాన్ని ఏ కాంట్రాక్టరూ మిగల్చడు. అడిగి మిగిల్పించుకోవాల్సింది కట్టించుకునేవాళ్లమే. కాబట్టి ప్లాన్ చేతికొచ్చినప్పుడు ఒకే ప్రశ్న అడగండి: "ఈ ఇంట్లోకి వచ్చిన వేడి గాలి ఎటు నుంచి బయటికి పోతుందండి?" జవాబు 'ఏసీ పెట్టించుకోండి' అయితే ప్లాన్ వెనక్కిచ్చేయండి.

ఇల్లు కట్టే ఆలోచన లేనివాళ్లకీ ఒక పని ఉంది. మీ ఊళ్లో మండువా ఇల్లు విప్పుతున్నారని తెలిస్తే, ఫోన్‌తో పాటు టేపు కూడా పట్టుకెళ్లండి. స్తంభం చెక్కడం ఫొటో ఎవరైనా తీస్తారు. మీరు మండువా పొడవు, వెడల్పు కొలవండి. చూరు ఎంత కిందికి దిగిందో, అరుగు ఎంత ఎత్తుందో కొలవండి. తూము ఎటు వైపుందో, గుమ్మాలు ఎదురెదురుగా ఉన్నాయో లేదో రాసుకోండి. లారీ వెళ్లిపోయాక మళ్లీ కొలవడానికి అక్కడ ఏమీ ఉండదు. ఈ కొలతలకైతే కలప కొన్నాయన డబ్బులడగడు.