భయం లేని అనుమానమే భద్రత

యంత్రం పొరపడదని, పొరపడేది మనిషేనని సాంకేతిక రంగంలో చిరకాలంగా ఒక బలమైన విశ్వాసం ఉంది. మనిషి ప్రమేయాన్ని ఎంత తగ్గిస్తే భద్రత అంత పెరుగుతుందన్న సూత్రం దాని నుంచి పుట్టిందే. అందులో సగమే నిజమని గ్రహించడానికి ఖరగ్‌పూర్ రైల్వే డివిజన్ అనుభవం చాలు. యంత్రాన్ని రూపొందించేదీ, అమర్చేదీ, మరమ్మతు చేసేదీ మనుషులే. వారి భయం, తొందర, అలసట, అతివిశ్వాసం కంటికి కనబడకుండా యంత్రంలోకి ప్రవేశిస్తాయి. వాటిని లెక్కలోకి తీసుకోని సాంకేతిక విజ్ఞానం అసంపూర్ణమే.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పెంచి పోషించిన ఖరగ్‌పూర్ పట్టణం తెలుగువారికి కొత్తది కాదు. ఉత్తరాంధ్ర నుంచి రైల్వే కొలువులకు తరలివెళ్లిన కుటుంబాలు తరతరాలుగా అక్కడ స్థిరపడ్డాయి. 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం ఒకప్పుడు ఆ స్టేషన్‌కు ప్రపంచఖ్యాతి తెచ్చింది. 2017లో అక్కడ 800 మార్గాలను ఏర్పరచగల ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వ్యవస్థ అమలులోకి వచ్చింది. సిగ్నల్ ఒక దారి చూపుతుండగా పట్టాలు మరో దారికి మళ్లకుండా కాపాడడమే ఇంటర్‌లాకింగ్ ఉద్దేశం.

అదే డివిజన్‌లోని బహనాగా బజార్ స్టేషన్‌లో 2023 జూన్ 2న సరిగ్గా ఆ జరగకూడనిదే జరిగింది. మెయిన్ లైనుకు పచ్చ సిగ్నల్ అందుకున్న కోరమండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైనులోకి మళ్లి, గంటకు 128 కిలోమీటర్ల వేగంతో నిలిచి ఉన్న గూడ్సును ఢీకొన్నది. పట్టాలు తప్పిన బోగీలు పక్క లైనులో వెళుతున్న యశ్వంత్‌పూర్-హౌరా ఎక్స్‌ప్రెస్‌ను తాకాయి. 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. గతంలో సిగ్నల్ సర్క్యూట్‌లో చేసిన మార్పులలోను, 94వ నంబరు లెవెల్ క్రాసింగ్ గేటు మార్పిడి పనులలోను దొర్లిన లోపాలే ప్రమాద కారణమని రైల్వే భద్రతా కమిషనర్ తేల్చారు. యంత్రం తనకు అందిన సమాచారాన్నే నమ్మింది. ఆ సమాచారమే తప్పు.

అంతకన్నా శోచనీయమైన అంశం మరొకటి ఉంది. 2022 మే 16న ఇదే డివిజన్‌లోని బంక్రానయాబాజ్ స్టేషన్‌లో తీగల తప్పుడు అనుసంధానం కారణంగా ఇటువంటి సంఘటనే జరిగింది. అప్పుడే సరిదిద్ది ఉంటే బహనాగా దుర్ఘటన జరిగేది కాదని కమిషనర్ నివేదిక పేర్కొన్నది. స్టేషన్‌లో పట్టాల మార్పిడి సూచికలు పలుమార్లు అసహజంగా ప్రవర్తించినా, ఆ విషయం సిగ్నల్ విభాగానికి చేరలేదని కూడా ఆ నివేదిక ఎత్తిచూపింది. హెచ్చరిక వచ్చింది; దానిని ఆలకించే ఏర్పాటే కొరవడింది.

ఏ తీగ ఎక్కడ తప్పిందో విచారణ నివేదికలు చెప్పగలవు. సిగ్నల్ సిబ్బంది మరమ్మతుకు పూనుకునే ముందు స్టేషన్ మాస్టర్‌కు లిఖితపూర్వకంగా తెలియజేసి సిగ్నల్‌ను విడదీయాలి. పని పూర్తయ్యాక పరీక్షించి తిరిగి అప్పగించాలి. ఈ రెండు కాగితాల మధ్య గడిచే సమయంలో రైళ్లు ఆగి ఉంటాయి, ఫోన్లు మోగుతుంటాయి, ఆలస్యం నిమిషాలలో నమోదవుతుంటుంది. ఆలస్యానికి సంజాయిషీ అడిగేవారు అనేకులు. అనుమానంతో మరొకసారి పరీక్షించినందుకు మెచ్చుకునేవారు అరుదు. ఇటువంటి వాతావరణంలో నియమాలు కంఠస్థమైనంత మాత్రాన అవి అమలవుతాయని ఆశించడం అత్యాశే.

భావోద్వేగం వివేకానికి శత్రువన్న పాత భావన కూడా నిలబడలేదు. మెదడులో భావోద్వేగాలకు సంబంధించిన భాగం దెబ్బతిన్నవారు తెలివితేటలు చెక్కుచెదరకున్నా నిత్యజీవితంలో సరైన నిర్ణయాలు తీసుకోలేకపోతున్నారని నాడీశాస్త్రవేత్త ఆంటోనియో డమాసియో 1994లో వెలువరించిన గ్రంథంలో వివరించారు. ఏదో తేడాగా ఉందన్న అనుభవజ్ఞుని శంక చాదస్తం కాదు. అది ఏళ్ల తరబడి పోగుపడిన జ్ఞానం పలికే మాట. 1979లో అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం మొదలైన కొద్ది నిమిషాలకే వందకు పైగా హెచ్చరికలు ఒక్కసారిగా మోగి సిబ్బందిని గందరగోళంలో ముంచెత్తాయి. మనిషి మనసు ఎంత భరించగలదో ఎరుగని రూపకల్పన ఆపదలో అండగా నిలవదని ఆనాడే తేలింది.

భయం మరింత ప్రమాదకరం. 2024 జూన్ 17న పశ్చిమ బెంగాల్‌లోని రంగాపాని వద్ద కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ను గూడ్సు ఢీకొన్నప్పుడు, సిగ్నల్‌ను ఖాతరు చేయలేదంటూ మృతుడైన గూడ్సు డ్రైవరుపై రైల్వే ఉన్నతాధికారులు ఆ రోజే నింద మోపారు. ఆటోమేటిక్ సిగ్నళ్లు విఫలమైనప్పుడు రైళ్లను నడిపే విధానంలో పలు స్థాయిల లోపాలు ఉన్నాయని, సిబ్బందికి తగిన శిక్షణ లేదని ఆ తరువాత భద్రతా కమిషనర్ విచారణలో వెల్లడైంది. నింద ముందు, విచారణ తరువాత అన్న ఆనవాయితీ ఉన్నచోట కింది ఉద్యోగి తన పొరపాటును గాని, తాను చూసిన లోపాన్ని గాని బయటపెట్టడు.

ఇందుకు విరుగుడు ఇతర దేశాలలో ఎన్నడో కనుగొన్నారు. శిక్ష భయం లేకుండా విమాన సిబ్బంది లోపాలను గోప్యంగా తెలియజేసే పద్ధతిని అమెరికా 1976లో ప్రవేశపెట్టింది. బ్రిటిష్ రైల్వేలో అటువంటి ఏర్పాటు 1996లో స్కాట్లండ్‌లో ఆరంభమై తరువాత దేశమంతటా విస్తరించింది. టొయోటా కర్మాగారాలలో లోపం గమనించిన ఏ కార్మికుడైనా తాడు లాగి ఉత్పత్తిని ఆపించవచ్చు. ఆ తాడు విలువ స్వల్పం. దానిని లాగినవాడిని దండించరన్న నమ్మకం విలువ అపారం.

కవచ్ వంటి స్వయంచాలిత రక్షణ వ్యవస్థ వస్తే ఈ చర్చ అనవసరమని కొందరి వాదన. దక్షిణ మధ్య రైల్వేలో పరీక్షలకు నిలిచి, ఆ జోన్‌లో 1,400 కిలోమీటర్లకు పైగా అమరిన కవచ్ విస్తరణ అత్యవసరం. దానికి వెచ్చించే ధనం వృథా కాదు. అయితే సిగ్నల్ సమాచారాన్ని కవచ్ సైతం ఇంటర్‌లాకింగ్ నుంచే స్వీకరిస్తుంది. మూలంలోనే తీగ తప్పితే పైనున్న రక్షణ కూడా మోసపోయే ప్రమాదం లేకపోలేదు. కాబట్టి ఎంత అధునాతన యంత్రమైనా మనిషి నిజాయతీగా చేసే పరీక్షపైనే చివరకు ఆధారపడుతుంది.

యంత్రాలను నడిపేవారి మనసును ఉపేక్షించరాదన్న పాఠం ఖరగ్‌పూర్‌కు కొత్త కాదు. 1927లో అక్కడి వర్క్‌షాపులో ఉద్వాసనలు కార్మికుల సమ్మెకు దారితీశాయి. ఉద్వాసనకు గురైన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల పక్షాన పోరాడిన నాయకుడు, అనంతర కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి. ఆ పట్టణంలోనే 1951లో ఆరంభమైన ఐఐటీ పరిశోధకులు, కళ్ల తీరును బట్టి వాహన చోదకుల ఏమరుపాటును పసిగట్టే పద్ధతిపై కృషి చేశారు. కానీ అలసటను కనిపెట్టడం ఒక ఎత్తు, అలసిపోయానని చెప్పుకునే స్వేచ్ఛ కల్పించడం మరొక ఎత్తు.

చేతులు కాలాక ఆకులు పట్టుకునే ధోరణికి రైల్వే స్వస్తి పలకాలి. సిగ్నల్ పరీక్షకు పట్టే సమయాన్ని ఆలస్యం పద్దు నుంచి తప్పించాలి. లోపాలను గోప్యంగా నివేదించడానికి స్వతంత్ర యంత్రాంగం నెలకొల్పాలి. విచారణ ముగియక ముందే బాధ్యులను ప్రకటించే అలవాటు మానాలి. కొత్త పరికరాల రూపకల్పనలో వాటిని వాడే స్టేషన్ మాస్టర్లకు, సిగ్నల్ సిబ్బందికి, డ్రైవర్లకు చోటు ఇవ్వాలి. వీటికి అయ్యే ఖర్చు ఒక్క దుర్ఘటన మిగిల్చే నష్టం ముందు లెక్కలోనిది కాదు. అనుమానం వచ్చినవాడు నిర్భయంగా రైలు ఆపగలిగిన నాడే పచ్చ సిగ్నల్‌ను ప్రయాణికుడు నిశ్చింతగా నమ్మగలుగుతాడు.