మనసు మారింది, షీటు మారలేదు

రాజ్‌కుమార్ హిరాణీ దర్శకత్వంలో 2006 సెప్టెంబరులో విడుదలైన హిందీ చిత్రం ‘లగే రహో మున్నాభాయ్’. మరుసటి సంవత్సరం ప్రభుదేవా దర్శకత్వంలో చిరంజీవి, శ్రీకాంత్ నటించగా అదే కథ ‘శంకర్ దాదా జిందాబాద్’ పేరుతో తెలుగులో వచ్చింది. ఇళ్లు బలవంతంగా ఖాళీ చేయించి పొట్టపోసుకునే ఒక రౌడీ, అతడి వెంట ఉండే అనుచరుడు, వారి మధ్యకు అనుకోకుండా వచ్చిన గాంధీ మహాత్ముడు: కథ ఇంతే. కుటుంబమంతా కలిసి కూర్చుని నవ్వుకోదగిన చిత్రం. ‘గాంధీగిరి’ అనే మాట దేశమంతటా వ్యాపించడానికి కారణమైన చిత్రం. సకుటుంబ వినోదాన్ని అందించిన ప్రజాదరణ చిత్రంగా జాతీయ పురస్కారాన్ని కూడా పొందింది.

అయితే ఆ నవ్వుల అడుగున రెండు ప్రశ్నలున్నాయి. తప్పుడు దారిలో బతికిన మనిషి మారగలడా? మారితే అతడిని లోకం నమ్ముతుందా? మొదటి ప్రశ్నకు ఈ చిత్రం చక్కని సమాధానమే చెప్పింది. రెండవ ప్రశ్నను మాత్రం తేలికగా దాటవేసింది. మన బస్తీలలోని అనేక కుటుంబాలకు నిద్ర లేకుండా చేస్తున్నది ఆ రెండవ ప్రశ్నే.

ముందుగా చిత్రం సాధించినదేమిటో చెప్పుకోవాలి. రేడియోలో పనిచేసే జాహ్నవిని కలుసుకోవాలని మున్నా గాంధీ మీద జరిగే పోటీలో పాల్గొంటాడు. అనుచరుడు సర్క్యూట్ చరిత్ర అధ్యాపకులను ఎత్తుకొచ్చి జవాబులు చెప్పిస్తాడు. మున్నా తానూ ప్రొఫెసర్‌నేనని ఆమెకు అబద్ధం చెబుతాడు. ఆ అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికి గ్రంథాలయంలో కూర్చుని గాంధీని చదవగా చదవగా, చివరకు ఆయన ఎదుట నిలబడి మాట్లాడుతున్నట్లే అతడికి కనిపిస్తుంది. ఇక్కడి నుంచి మున్నా మార్పు ఉపన్యాసాలతో కాక, చిన్న చిన్న పనులతో సాగుతుంది. ఆవేశంలో చేయి చేసుకున్న స్నేహితుడి దగ్గరకు వెళ్లి క్షమించమని అడగాలి. ప్రేమించిన అమ్మాయికి తాను రౌడీనని స్వయంగా చెప్పాలి. ఆమెను పోగొట్టుకునే ప్రమాదమున్నా చెప్పాలి. కొట్టడం బాగా తెలిసిన ఆ పెద్ద మనిషి ‘క్షమించు’ అనే ఒక్క మాట నోట పలకడానికి పడే అవస్థ చూసి మనం నవ్వుతాం. కాని అది ఎగతాళి నవ్వు కాదు. ఆ మాట మన నోట కూడా అంత సులువుగా రాదని తెలిసిన నవ్వు.

షేర్లలో తండ్రి సొమ్ము పోగొట్టి ఆత్మహత్యకు సిద్ధపడిన విక్టర్ అనే యువకుడి కథ కూడా ఇందులో ఉంది. తండ్రికి నిజం చెప్పమని మున్నా అతడికి సలహా ఇస్తాడు. విక్టర్ నిజం చెప్పి, టాక్సీ నడిపి ఆ సొమ్ము తీర్చే పనికి పూనుకుంటాడు. చిత్రంలోని అత్యంత విలువైన ఘట్టాలలో ఇది ఒకటని నా అభిప్రాయం. తౌబా అంటే కేవలం కన్నీరు పెట్టుకోవడం కాదని మన ఉలమాలు చెబుతారు. తప్పు మానుకోవాలి, పశ్చాత్తాపపడాలి, మళ్లీ చేయనని నిశ్చయించుకోవాలి. ఆ తప్పు తోటి మనిషి హక్కుకు సంబంధించినదైతే ఆ హక్కును అతడికి తిరిగి అప్పగించాలి. మూడు షరతుల దగ్గరే ఆగిపోయే కథలు సినిమాల్లో కోకొల్లలు. ఈ చిత్రం నాలుగవ షరతును కూడా గుర్తుంచుకుంది.

పింఛను ఘట్టం గురించి ఒక మాట. లంచం అడుగుతున్న ఉద్యోగి ఎదుట ఒక విశ్రాంత వృద్ధుడు తన వద్ద ఉన్న వస్తువులు, ఒంటి మీది బట్టలు ఒక్కొక్కటిగా తీసి బల్ల మీద పెడతాడు. ఉద్యోగ జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపిన నాబోటి వారికి ఆ దృశ్యం గుచ్చుకుంటుంది. ముసలివాడి పింఛనులోంచి కొంత కాజేయడం కూడా దొంగతనమే. కాని అటువంటి దొంగకు పోలీసు స్టేషనులో షీటు తెరవరు. సైకిలు దొంగిలించిన కుర్రవాడికి తెరుస్తారు. చిల్లర నేరస్థుడు అనే పేరు నేరం పరిమాణాన్ని బట్టి కాక, మనిషి స్థాయిని బట్టి అంటుకుంటోందని దీనివల్ల అర్థమవుతుంది.

ఇక చిత్రం దాటవేసిన ప్రశ్నకు వద్దాం. మున్నా మారాలని నిశ్చయించుకున్న తరువాత అతడికి అడ్డుపడినవి అతడి పాత అబద్ధాలు, లక్కీసింగ్ అనే స్వార్థపరుడైన బిల్డరు మాత్రమే. పాత కేసుల వాయిదాలు లేవు. అద్దెకు ఇల్లు దొరకకపోవడం లేదు. పండుగ వచ్చినా, ఎన్నికలు వచ్చినా స్టేషనుకు వచ్చి సంతకం పెట్టి వెళ్లమనే కబురు లేదు. హాస్య చిత్రానికి ఆ సౌలభ్యం ఉంటుంది. నిజ జీవితంలో మనసు మారడం సగం దారి. మిగిలిన సగం రికార్డుల మీదుగా సాగుతుంది.

తెలుగు రాష్ట్రాలలో ‘రౌడీ షీటు’ అనే మాట తెలియని బస్తీ లేదు. ఇది న్యాయస్థానం విధించే శిక్ష కాదు. పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం స్టేషనులో నిర్వహించే నిఘా పత్రం. దానిని ఏటా పై అధికారి సమీక్షించి, అవసరమైతేనే కొనసాగించాలన్నది నియమం. యాంత్రికంగా తెరవరాదని, యాంత్రికంగా కొనసాగించరాదని హైకోర్టు పలుమార్లు చెప్పింది. ప్రజల ప్రాణానికి, ఆస్తికి నిజంగా ముప్పు తెచ్చే వారిపై నిఘా ఉండవలసిందే. అందులో వివాదం లేదు. కాని ఇరవయ్యేళ్ల వయసులో చేసిన కొట్లాట నలభయ్యేళ్ల వయసులో, పిల్లల పెళ్లి సంబంధాల దగ్గర కూడా ఎదురుపడితే, మారమని ఆ మనిషికి ఏ ముఖంతో చెప్పగలం?

మన చట్టాలలో కరుణ లేదనడం సరికాదు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం చిన్న నేరాలకు జైలుకు బదులు మందలింపుతోనో, సత్ప్రవర్తన హామీ మీదనో విడిచిపెట్టే అధికారాన్ని న్యాయమూర్తికి ఇచ్చింది. అలా విడుదలైన వ్యక్తికి ఆ శిక్షానిర్ణయం కారణంగా అనర్హత అంటరాదని అందులోని 12వ సెక్షను చెబుతోంది. బాలల విషయంలో 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. కొన్ని తీవ్ర నేరాలను మినహాయించి, అప్పీలు గడువు ముగిశాక రికార్డునే నాశనం చేయాలని ఆదేశించింది. 2024 జూలై నుంచి అమలులో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారం, మొదటిసారి నేరారోపణకు గురైన విచారణ ఖైదీ ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడవ వంతు కాలం జైలులో గడిపితే విడుదలకు అర్హుడు. మరణశిక్షకో, యావజ్జీవ శిక్షకో అవకాశమున్న నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు. ఈ వెసులుబాట్లు తెలిసిన కుటుంబం మన మొహల్లాలలో నూటికి ఒక్కటైనా ఉందా అన్నది ఆలోచించదగిన విషయం.

దేశంలోని ఖైదీలలో ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురు ఇంకా దోషులుగా తేలని విచారణ ఖైదీలే. 2011 జనాభా లెక్కల ప్రకారం జనాభాలో ముస్లింలు 14.2 శాతం. విచారణ ఖైదీలలో వారి వాటా ఇటీవలి సంవత్సరాలలో సుమారు ఐదింట ఒక వంతు. ఇందులో పేదరికం పాత్ర ఎంతో, దురభిప్రాయం పాత్ర ఎంతో కొలిచి చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. బెయిలు మంజూరై కూడా జామీను ఇచ్చేవారు లేక లోపలే ఉండిపోయిన కుర్రవాళ్ల తల్లులతో న్యాయస్థానాల వరండాలలో కూర్చున్న అనుభవం సామాజిక సేవలో ఉన్న అందరికీ ఉంటుంది.

మున్నాగా నటించిన సంజయ్ దత్ స్వయంగా ఆయుధాల చట్టం కింద దోషిగా తేలినది ఈ చిత్రం విడుదలైన సంవత్సరంలోనే, 2006 నవంబరులో. 2013లో సుప్రీంకోర్టు ఐదేళ్ల శిక్షను ఖరారు చేసింది. 2016 ఫిబ్రవరిలో ఆయన విడుదలై తన వృత్తిలోకి తిరిగి వెళ్లారు. ప్రేక్షకులు ఆదరించారు. దీనిని నేను తప్పుపట్టడం లేదు. శిక్ష పూర్తయిన మనిషి తన పనికి తిరిగి వెళ్లడమే న్యాయం. అదే న్యాయం జైలు నుంచి వచ్చి బేకరీలోనో, మెకానిక్ షెడ్డులోనో పని అడిగే కుర్రవాడికి కూడా దక్కాలి.

ఇది సినిమాలలోనే సాధ్యమని ఎవరూ తోసిపుచ్చనక్కర లేదు. బ్రిటిష్ పాలకులు 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలుగా ముద్ర వేసింది. మన స్టూవర్టుపురం అటువంటి ముద్రను మోసిన ఊరు. ఆ చట్టం 1952లో రద్దయినా ఊరి మీది మచ్చ పోలేదు. మహాకవి జాషువా కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం అక్కడికి వెళ్లి, గాంధేయ పద్ధతిలో ఆ మనుషుల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. గాంధీగిరి అనే మాట పుట్టక ముందే ఆ పని తెలుగునేల మీద జరిగింది.

మనం ప్రభుత్వాన్ని అడగవలసినవి అడుగుదాం. షీట్ల వార్షిక సమీక్ష నిజంగా జరగాలి. కొనసాగిస్తే కారణం రాతపూర్వకంగా సంబంధిత వ్యక్తికి తెలియజేయాలి. అయితే మన చేతిలో ఉన్న పనులు కూడా తక్కువేమీ కావు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం నిర్బంధంలో ఉన్న ప్రతి వ్యక్తికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని పొందే హక్కుంది. బెయిలు వచ్చి వారం దాటినా విడుదల కాని వారి వివరాలను జైలు అధికారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలని సుప్రీంకోర్టు 2023లో ఆదేశించింది. మస్జిదు కమిటీలు నెలకు ఒకసారి ఆ సంస్థ కార్యాలయానికి వెళ్లి వాకబు చేయవచ్చు. జామీను కోసం చిన్న నిధిని ఏర్పరచుకోవచ్చు. జకాత్ సొమ్ము అందుకు ఎంతవరకు వాడవచ్చునో ఉలమాలను అడిగి తెలుసుకోవచ్చు. దుకాణదారులు ఒక్కొక్కరు ఒక్కొక్క కుర్రవాడికి పని ఇవ్వవచ్చు.

బాధితుడిని కూడా మరచిపోరాదు. సొమ్ము పోగొట్టుకున్న ఇంటివారికి ఆ సొమ్ము అందేలా చూడకుండా దొంగను వెనకేసుకురావడం ధర్మం కాదు. విక్టర్ టాక్సీ నడిపినట్లు మన కుర్రవాళ్లు కూడా కష్టపడి బాకీ తీర్చే ఏర్పాటు పెద్దలు చేయాలి. అప్పుడే పొరుగువారి నమ్మకం తిరిగి వస్తుంది.

సెలవు రోజున పిల్లలతో కలిసి ఈ చిత్రం చూడండి. హాయిగా నవ్వండి. చిత్రం ముగిశాక మన వీధిలో మారాలని ప్రయత్నిస్తున్న మున్నా ఎవరో, అతడికి రేపు ఉదయం పని ఇవ్వగలిగినవారు ఎవరో ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించండి.